అందరూ ఒకటే వేశారు

"మొత్తం ఆస్పత్రిలోకి మీ వార్డే ఆఖరున ఉంది, గునెల్," అన్నాడు హెన్నింగ్, తన గది తలుపు దగ్గరగా వేస్తూ.

గునెల్ ఇంకా కోటు కూడా విప్పలేదు. బూట్లకంటిన మంచు కరిగి గుమ్మం ముందు పట్టా మీద మడుగు కడుతోంది.

నేరం చేసిన నాడు మతి స్థిమితం లేదని కోర్టు తేల్చి, జైలుకి బదులు పంపినవాళ్ళుండే ఆస్పత్రి అది. అక్కడ వాళ్ళని ఎలా చూసుకుంటున్నారో రోగులనే అడిగి తెలుసుకుందామని స్టాక్‌హోం నుంచి పరిశోధకులు వచ్చి వెళ్ళారు. ప్రతి ప్రశ్నకీ ఒకటి నుంచి నాలుగు దాకా మార్కులు. హెన్నింగ్ ఆస్పత్రికి పెద్ద. గునెల్ ఓ వార్డుకి హెడ్ నర్సు.

"మరీ అంత తక్కువా?"

"'మీ మాట ఎవరైనా వింటారా?' ఒకటి. 'ఇక్కడ భయం లేకుండా ఉండగలుగుతున్నారా?' ఒకటి. 'నర్సులు మిమ్మల్ని మనుషుల్లా చూస్తారా?' దానికీ అంతే."

"ఎవరు వేశారట?"

"పేర్లు రాయించలేదుగా. అయినా పేర్లతో పనేముంది? అందరూ ఒకటే వేశారు."

అందరూ అంటే సిక్స్టెన్ కూడా. గునెల్‌కి కలుక్కుమంది. చెవిలో గొంతులు అరుస్తున్నాయని సిక్స్టెన్ గోడకి తల బాదుకున్న రోజున, మంచానికి కట్టెయ్యమన్నాడు డాక్టరు. కాసేపు ఆగమని బతిమాలి, అతని చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది తను. ఇక కట్టెయ్యాల్సిన పని పడలేదు. తల్లి సమాధి దగ్గర దీపం పెట్టొస్తానంటే, అందరి కాళ్ళూ పట్టుకుని అనుమతి సంపాదించి, తనే వెంటబెట్టుకెళ్ళింది. అతనికీ తను మనిషిలా చూసినట్టు అనిపించలేదా?

"పైవాళ్ళు ఊరుకోవడం లేదు," హెన్నింగ్ కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "సోమవారం నుంచి ఆ వార్డుకి వేరే ఆవిడ వస్తుంది. మీరు కింద మందుల గది చూసుకోండి. రోగులతో పనుండదు. నాకూ బాధగానే ఉంది."

"నా వల్ల ఏం తప్పు జరిగిందో అదైనా చెప్పండి."

"నన్నడిగితే? వాళ్ళనే అడగండి."

గునెల్ అక్కడి నుంచి నేరుగా వార్డుకి వెళ్ళింది. పొడుగు బల్ల చుట్టూ కూర్చుని అందరూ కాఫీ తాగుతున్నారు. దాల్చినచెక్క బన్నుల వాసన గదంతా నిండి ఉంది. ఆమెని చూడగానే సిక్స్టెన్ తన పక్కన కుర్చీ లాగాడు.

"రా సిస్టర్, కాఫీ చల్లారిపోతోంది. ఏంటి, మొహం అలా పీక్కుపోయింది?"

గునెల్ కూర్చోలేదు.

"నిజం చెప్పు సిక్స్టెన్. నేనంటే నీకు భయమా?"

"నువ్వంటేనా?" పకపకా నవ్వాడు. "నిన్ను చూసి పిచ్చుక కూడా బెదరదు."

"మరి ఆ మార్కులేంటయ్యా? నేను మీకేం లోటు చేశాను?"

ఎదురుగా ఉన్న ఇంకో రోగి తూవె నోట్లో బన్ను పెట్టుకుని, నవ్వాపుకోలేక తల దించుకున్నాడు.

"ఇక దాచడమెందుకు, చెప్పెయ్," అన్నాడు సిక్స్టెన్‌తో.

సిక్స్టెన్ తలుపు వైపు ఓసారి చూసి, ముందుకి వంగాడు. ఘనకార్యం చేసినవాడిలా ముసలి మొహం వెలిగిపోతోంది.

"కిందటిసారి ఇలాగే అడిగితే, నీకు ముందున్న మార్గిట్ సిస్టర్‌కి అందరం నాలుగుకి నాలుగూ వేశాం. అంత బాగా చూసుకుంటుందా అని, ఆవిణ్ణి ఇంకో వార్డు బాగుచెయ్యడానికి పట్టుకుపోయారు. ఈసారి మేం జాగ్రత్త పడ్డాం సిస్టర్, ఇక నిన్నెవరూ మా దగ్గర్నుంచి తీసుకుపోలేరు!"