ఫోనుకు దిష్టి

"హా హా హా!" అని సమ్మన్న చేతులు పైకెత్తి నవ్వుతుంటే, వంటింట్లోంచి వచ్చిన గౌరమ్మ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. కరోనాకు గనిలో డ్యూటీ ఆగి ఇంట్లో కూర్చున్నప్పటినుంచి పలకని, ఉలకని మనిషి, గదిలో ఒక్కడే నవ్వుతున్నాడంటే ఏమనుకోవాలి? తిన్నగా ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టుకొచ్చి అతని తలచుట్టూ తిప్పసాగింది.

"ఏంది నీ లొల్లి! కంపెనీ మీటింగ్ ఇది. మనసు మంచిగుండాలంటే అందరు నవ్వుండ్రి అన్నరు."

"నవ్వకుంటే జీతం కోస్తరా?"

"నవ్వు రాక సస్తున్న, జర ఊకో!"

గౌరమ్మ ఫోనులోకి తొంగిచూసింది. గనివాళ్లంతా చిన్న చిన్న గళ్లలో చేతులెత్తి నిలబడ్డారు. నోళ్లు తెరుచుకున్నాయే గానీ ఒక్క ముఖంలోనూ నవ్వు లేదు.

"ఓయమ్మో, గనికి గనే దిష్టి తాకింది!"

అది అందరికీ వినబడింది. నవ్వు నేర్పే మారుతి సారు కళ్లజోడు తీశాడు. సమ్మన్న గబుక్కున ఫోను పక్కకు తిప్పబోయాడు.

"అమ్మా, నాకు గూడ దిష్టి తీస్తవా?" అని సారు అడిగాడు. "మా అమ్మ పక్కనున్న రాజురా ఊర్లనే ఉంది గానీ తొవ్వలు బంద్ చేసిండ్రు. క్వార్టర్ల ఒక్కన్నే ఉన్న."

"అయ్యో, అడగాల్నా కొడుకా! ముఖం దగ్గరికి పెట్టు." గౌరమ్మ ఫోనుచుట్టూ గుప్పిలి తిప్పింది. "ఇగ మూడుసార్లు ఉమ్ము."

గనిలో ఉమ్మినవాళ్లకు జరిమానా వేసే సారు, కళ్లు మూసుకుని తన ఫోనుమీదే "థూ, థూ, థూ" అన్నాడు. వెంటనే గళ్లన్నీ థూథూమన్నాయి.

సారు చొక్కా అంచుతో ఫోను తుడుచుకోవడం చూసి సమ్మన్న పొట్ట పట్టుకుని నేలమీద కూలబడ్డాడు. నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఆ నవ్వు తన మొగుడిదే. అప్పుడుగానీ గౌరమ్మ మిరపకాయలు తీసుకెళ్లి పొయ్యిలో వేయలేదు.