కరెంటు పడవ మోకు

సముద్రం ముందుకొచ్చి కరెంటు స్తంభాలను మింగేశాక, మా రెండు లంక ఊళ్లకూ కరెంటు పడవ మీదే వస్తోంది. కడుపునిండా డీజిలు ఇంజన్లున్న పెద్ద పడవ అది. దాని మోకు ఏ రేవు గుంజకు పడితే, వారం పాటు ఆ ఊరికే కరెంటు. అందుకే ప్రతి సోమవారం రెండు ఊళ్లూ తెడ్లతో కొట్టుకుంటాయి.

ఈరోజు మొదటిసారి నేనూ వెళ్లాను. మామ్మ ఊపిరి మిషను బ్యాటరీ సాయంత్రం దాకానే వస్తుంది.

"నోట్లో మాటే పెగల్దు, తెడ్డట్టుకుని ఏం సేత్తావే?" అని ధనకొండ అత్త నవ్వింది.

నడుము లోతు నీళ్లలో కొట్లాట మొదలైంది. నాన్న తల పగిలి కూలబడ్డాడు. అవతలి ఊరి మనిషొకడు మా గుంజకు కట్టిన మోకు విప్పేస్తున్నాడు. అతని వేళ్ల మీద బలంగా కొట్టాను. ఎముకలు విరిగిన చప్పుడు వినిపించింది. అయినా అతను వదల్లేదు.

"కొట్టకమ్మా, మాయమ్మకీ ఊపిరి మిషనే," అన్నాడు ఏడుస్తూ.

ఈసారి తల మీద కొట్టాను. అతను నీళ్లలోకి జారిపోయాడు. మళ్లీ పైకి లేచాడో లేదో చూడలేదు.

ఇంటికొచ్చి మిషను ప్లగ్గు పెట్టాను. మామ్మ ఊపిరి కుదుటపడింది.

"నువ్వెవర్నీ కొట్టలేదు కదే, బంగారం?" అని అడిగింది.

లేదని తల ఊపాను.