సప్పుడు లేని కంప్యూటరు

రాజలింగం కంప్యూటరు లోపలి చిన్న ఫ్యానును చెవి కాడికి వట్టుకున్నడు. కండ్లు మూసుకున్నడు.

"ఊహుఁ. ఇది మూలుగుతున్నది. ఇంకోటి తియ్."

"బావా, ఇప్పటికి నాలుగైనయ్," అన్నడు బాలరాజు. "మా అక్కను సూడనీకొచ్చిననాడు గింతసేపు సూడకపోతివి."

"మీ అక్కను ఒక్కపారి సూసి ఒప్పుకున్న. సప్పుడెంతనో తర్వాత తెలిసింది. అందుకే గిప్పుడు పైలం."

బాలరాజు పకపక నవ్విండు. అక్క మొగడంటే వానికి పానం. తార్నాక చౌరస్తల వానిది కంప్యూటర్ల దుకాణం. తొంభై ఏడో సంవత్సరం అది. క్యాంపస్ల సార్లందరు గాడనే కొంటుండిరి.

రాజలింగం యూనివర్సిటీ ప్రెస్సుల ముప్పయ్యేండ్లు చేసిండు. పొద్దందాక అచ్చు మిషిన్ల నడుమనే. మొన్ననే రిటైరైండు. ఇంట్ల కూసొని పోరగాండ్ల థీసిస్సులు కంపోజ్ చేద్దామని కంప్యూటరు కొంటున్నడు. ఒక్కటే షరతు వెట్టిండు.

"ఏది పెడ్తవో పెట్టు. అన్నిట్ల మంచిదే పెట్టు. కని సప్పుడు రావొద్దు. జిందగీ అంత మోతల బతికిన. ఇగ నిమ్మళంగ కూసుంట."

బాలరాజు ఒక్కొక్క సామాను ఏరిండు. పెంటియం. పదిహేడు ఇంచుల మానిటరు. దళసరి రేకు డబ్బ. హార్డుడిస్కు కింద రబ్బరు బిళ్ళలు. ఆరో ఫ్యాను, నల్లది, రాజలింగానికి నచ్చింది. అన్ని జోడించి స్విచ్చేసిండు. బయట రోడ్డు మీద బస్సులు, ఆటోలు. రాజలింగం డబ్బకు చెవి ఆనిచ్చిండు.

"శబ్బాష్! నడుస్తున్నదా, నడుస్తలేదా?"

"నడుస్తున్నది బావా."

మూడోనాడు కంప్యూటరు ఇంటికొచ్చింది. వెనక అర్రల పెట్టిండ్రు. దుమ్మువడ్తదని కిటికీలు బంద్ చేసిండ్రు. పైన ఫ్యాను గూడ ఎయ్యద్దు, ధూళి లేస్తది. చెప్పులు బయటనే ఇడ్వాలె. రాజలింగం తలుపు దగ్గరికేసి, కంప్యూటరు చాలు చేసి, ముంగట కూసున్నడు.

గుయ్యి.

సన్నగ, ఎడతెగకుండ.

పెండ్లాన్ని పిలిచిండు. సారలమ్మ జరసేపు నిలవడి ఇన్నది. "నాకేం ఇనవడ్తలేదు."

"నీకెట్ల ఇనవడ్తది? చేసినోడు నీ తమ్ముడాయె."

రెండు దినాలు ఓర్సుకున్నడు. ఇగ కాదని స్క్రూడ్రైవరు తెచ్చి డబ్బ ఇప్పిండు. లోపల ఫ్యాను నల్లది కాదు. బూడిద రంగుది.

రాజలింగం సక్కగ తార్నాకకు పోయిండు. దుకాణం నిండ గిరాకి ఉన్నది.

"ఫ్యాను మార్చినవా?"

"మార్చిన బావా. ఆ నల్లదాన్ని ఒకదినమంత నడిపి సూసిన, బేరింగు మంచిగ లేదు. అంతకంటె మంచిది ఏసిన. నీకు చెప్తె ఎక్కువ పైసలిస్తనంటవని చెప్పలే."

"చెప్పకుండ సామాను మార్చెటోన్ని ఏమంటరు బాలరాజూ?"

గిరాకొచ్చినోళ్ళంత బాలరాజు దిక్కు సూసిండ్రు.

తెల్లారి బాలరాజు సంచి నిండ సామాను తెచ్చిండు. ఆ అర్రల కూసొని ఒక్కొక్కటి మార్చిండు. ఫ్యాను మార్చిండు. హార్డుడిస్కు మార్చిండు. కరెంటు డబ్బ మార్చిండు.

"ఇప్పుడు?"

"ఉన్నది."

"ఇప్పుడు?"

"ఉన్నది. గదే సప్పుడు."

"నాకు ఇనవడ్తలేదు బావా. ఒట్టు."

"దొంగకు ఎందుకు ఇనవడ్తది?"

బాలరాజు చేతుల ఉన్న సామాను కింద వెట్టిండు. లేసి చెప్పులేసుకొని ఎల్లిపోయిండు.

క్యాంపస్ల రాజలింగం మాటంటే మాటే. ముప్పయ్యేండ్ల మనిషి. ప్రెస్సు కాడ చెప్పిండు. క్యాంటీన్ల చెప్పిండు. సార్ల రూములకు పోయి చెప్పిండు. "దుకాణంల సప్పుడు లేకుండె. ఇంటికొచ్చినంక ఉన్నది. నడుమల ఏం మారింది? సొంత బావకే గిట్ల చేసెటోడు మిమ్ముల ఇడుస్తడా?"

నెల తిరగలే, రాఖీ పున్నమి వచ్చింది. పొద్దున్నే బాలరాజు గేటు కాడికొచ్చిండు. సారలమ్మ రాఖీ, మిఠాయి పల్లెంల వెట్టుకొని ఉరికొచ్చింది. రాజలింగం నడుమల నిలవడ్డడు.

"బావా, దుకాణానికి ఒక్కడొస్తలేడు. ఎత్తేసిన. బొంబాయిల నౌకరి సూసుకున్న. పన్నెండింటికి బండి. నీ పంచాది నాతోటి. అక్కతోటి ఏంది?"

"నేను ఏరిన ఫ్యాను తెచ్చి నా చేతుల వెట్టు. గప్పుడు నీ చెయ్యి సాపు."

"ఓ జర జరుగు," అన్నది సారలమ్మ. "నేను దారం కడ్తున్న. కంప్యూటరు కడ్తలేను."

రాజలింగం జరగలే.

బాలరాజు అక్క మొఖం దిక్కు సూసిండు. "పోయొస్త అక్కా" అన్నడు. ఉత్త చేతితోనే మల్లిపోయిండు.

సారలమ్మ వరండల కూలవడ్డది. ఏడ్వలే. వంట చెయ్యలే. పల్లెం ఒళ్ళెనే ఉన్నది. రాజలింగం అర్రలకు పోయి తలుపేసుకున్నడు. కంప్యూటరు చాలు చేసిండు. గుయ్యిమన్నది. "ఇగో, ఇప్పుడు గూడ ఇంటున్న, నేను అబద్ధమాడ్తున్ననా?" అని తనలో తనే అనుకున్నడు.

ఒంటిగంటకు కరెంటు పోయింది.

ఎప్పుడు కరెంటు పోయినా రాజలింగం ఆ అర్రల ఉండెటోడు కాదు. ఉక్కకు ఆగలేక ఎంటనే వరండలకొచ్చి వచ్చేపోయేటోళ్ళతోటి ముచ్చట వెట్టెటోడు. ఇయ్యాల వరండల సారలమ్మ ఉన్నది. ఆమె మొఖం సూసే ధైర్యం కాలే. చెమటలు కారుతున్నా, కుర్చీల అట్లనే కూసున్నడు.

కంప్యూటరు ఆగింది, ఫ్రిజ్జు ఆగింది, పక్కింటి టీవీ ఆగింది, వాడకట్టంత సల్లవడ్డది, గుయ్యిమనే సప్పుడు మాత్రం ఆగలే.