జబ్బు పడే పంది

జబ్బు రాకుండా ల్యాబుల్లో పుట్టించిన పందులే దేశమంతా నిండిపోయాక, జబ్బు పడేవి నా దొడ్డిలోనే మిగిలాయి. అందుకే పరిశోధన కేంద్రం డాక్టరు నా చుట్టూ తిరుగుతున్నాడు.

"నాంచారమ్మా, కొత్త మందు పరీక్షకి నీ చూడి పందినివ్వు. ఇలాంటిది ఇంకెక్కడా దొరకట్లేదు."

"మెదడువాపు మా పందులే తెచ్చాయని వలలేసి ఈడ్చుకుపోయింది మీరే కదా సారూ? అప్పుడు రోగాల పుట్టలు, ఇప్పుడు బంగారాలా? ఇవ్వను, పో."

బాగున్న పందిని నేనిస్తేనే తీసుకోవాలి. జబ్బు పడినదాన్నయితే అడక్కుండానే తోలుకుపోవచ్చు. చట్టం అట్లా రాసుకున్నారు.

"సరే, ఊరికే చూసి పోతాను," అని తడిక తీశాడు.

"కాళ్ళు!" అని అరిచాను. మా దొడ్డి వాకిట్లో వేపాకు నీళ్ళ కుండ ఉంటుంది. కాళ్ళు కడుక్కోందే మా అత్త కూడా లోపలికి అడుగుపెట్టేది కాదు.

"ఇవి ల్యాబు బూట్లమ్మా, నీ కాళ్ళకంటే శుభ్రం," అని నవ్వాడు. పందుల మధ్యంతా తిరిగి, నా చూడిదాని వీపు నిమిరి మరీ పోయాడు.

వారం తిరక్కుండానే అది మేత మానేసింది. చెవులు కమిలిపోయాయి. నేనెవరికీ చెప్పలేదు. అయినా డాక్టరు బండేసుకుని వచ్చాడు.

"నీకెవరు చెప్పార్రా?" అని కాలరు పట్టుకున్నాను. నా చెయ్యి విదిలించుకున్నాడు. దాన్ని బండెక్కించాక తడిక బయట ఆగాడు. నా కుండలో నీళ్ళు ముంచుకుని, బూట్లు రెండూ రుద్ది రుద్ది కడుక్కున్నాడు.