నాలుగు ముద్దల తెలగపిండి

రెండు రోజులు బండిలో నిలబడి వచ్చిన చుక్కదూడ దొడ్లో అడుగుపెట్టగానే కూలబడింది. ఆ దొడ్లో ఒక కట్టుబాటు ఉంది: కొత్తగా వచ్చినవాళ్ళకు వారం దాకా వట్టి గడ్డే, నువ్వుల నూనె తీశాక మిగిలే బలమైన తెలగపిండి, దాని తొట్టి పాతవాళ్ళదే. దూడ నాలుగు పరకలు నమిలి మూతి తిప్పుకుంది. మూడో పొద్దుకు లేవలేకపోయింది.

"మోపెడు గడ్డి ముందరే ఉంది కదా! తినకపోతే మన తప్పా?" అంది తొట్టికి అడ్డంగా నిలబడ్డ బొల్లెద్దు.

ముసలి పుల్లావుకు ఒళ్ళు మండింది. ఒకప్పుడు తనతో వచ్చిన చెల్లెలు ఇలాగే గడ్డిమోపు పక్కన కన్నుమూసింది.

"మోపులు మోపులు మేసేవాడివి, నీకు వట్టి గడ్డి అయినా ఒంటబడుతుందిరా. నాలుగు ముద్దలే మింగగలిగే పిల్లకు ఆ నాలుగింటిలోనే బలం ఉండాలి. తప్పుకో!" అని కొమ్ము విసిరింది.

బొల్లెద్దు గొణుక్కుంటూ జరిగింది. పుల్లావు తెలగపిండి నోట కరిచి తెచ్చి దూడ ముందు పెట్టింది.

"ఎక్కువ తినలేను అవ్వా."

"ఎక్కువ ఎవరు తినమన్నారే?"

పూటకు నాలుగు ముద్దలు. మూడు రోజులు గడిచాయి. నాలుగో పొద్దున దూడ లేచి, తూలుతూ వెళ్ళి బొల్లెద్దు గడ్డిలోనే మూతి పెట్టింది.

"ఇప్పుడు నా గడ్డి కూడానా!" అని బొల్లెద్దు రంకె వేసింది.

పుల్లావు పెద్దగా ఊపిరి వదిలి, హాయిగా నెమరుకు పడుకుంది.