చివరి వీధి

బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో, కొండ మీద ఉన్న తన సొంత వీధిలో వ్యాను ఆగగానే డాక్టర్ జందీరా డబ్బా మూత తీసి దోమల్ని వదిలింది.

వాటి ఒంట్లో ఆమె ఎక్కించిన సూక్ష్మజీవి ఉంది. అది ఉన్న దోమ కుట్టినా డెంగ్యూ అంటుకోదు. ఆమె ఇన్నేళ్ల పరిశోధనంతా అదే.

పక్కింటి లిందాల్వా కాఫీ గ్లాసుతో గడప దాటి వచ్చింది. "ముందు ఇది తాగు డాక్టరమ్మా. ఆ డెంగ్యూ మా పిల్లాణ్ణి పొట్టన పెట్టుకుని అప్పుడే వారం. సాయంత్రం చర్చిలో ఏడోరోజు పూజ. వస్తావుగా?"

"వస్తాను."

"కొండ కింద వీధులన్నిటికీ నీ దోమలు ఎప్పుడో వచ్చాయట. అక్కడ ఒక్క జ్వరం కూడా లేదట. నిన్ను అనడం లేదమ్మా, నువ్వు మా మనిషివి. మా వీధిని ఆఖర్న పెట్టినవాడి చెయ్యి పడిపోను!"

సొంతవాళ్లకే ముందు చేసుకుందని ఎవరూ అనకూడదని, ఈ వీధిని చివరికి నెట్టింది జందీరాయే.

ఆమె కాఫీ అందుకుంది. పరిశోధనశాలలో రోజూ దోమలకు మేతగా పెట్టే ఆ చేతి మీద ఒకటి వాలి, కడుపునిండా తాగి ఎగిరిపోయింది.

"అంతసేపు కుడుతుంటే విదిలించవేం?" అంది లిందాల్వా.

"తెలియలేదు," అంది జందీరా.