యజమాని పేరున వచ్చిన ఉత్తరాలు

పొలాలకు మందు చల్లే నా చిన్న విమానాన్ని, సరిగ్గా పని మొదలయ్యే రోజుల్లో, ఒక్క ఉత్తరం ముక్కయినా రాయకుండా రిజిస్ట్రేషన్ ఆఫీసు వాళ్లు ఆపేశారు. తప్పు వాళ్లది. ఆ మాట అనడానికే మెకానిక్ అయిన మా బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లాను.

"యజమాని ఎవరండీ?" అంది కౌంటరులోని గుమస్తా.

"ఎదురుగా కనబడటం లేదా? నేనే."

ఆమె ఫైలు నావైపు తిప్పింది. యజమాని గడిలో నా భార్య పేరుంది.

"మర్చిపోయావా బావా? కొన్న రోజు కాగితాలన్నీ అక్క మీదికి తోసేసి నువ్వు గాల్లోకి వెళ్లిపోయావు," అన్నాడు బావమరిది.

పదహారేళ్లు ఆవిడ విమానానికి డ్రైవరుగా ఉంటూ, నా విమానమని ఊరంతా చెప్పుకు తిరిగాను.

"ఆవిడ పోయి రెండేళ్లయింది," అన్నాను.

"అయితే రిజిస్ట్రేషన్ కూడా అప్పటి నుంచే చెల్లదండీ. రెన్యూ చేయించమని మూడు ఉత్తరాలు పంపాం."

"నాకు రాలేదు."

"యజమాని పేరున పంపామండీ."

వచ్చాయి. ఆవిడకొచ్చిన ఉత్తరాలు నేనెప్పుడూ విప్పలేదు. తనే వచ్చి చూసుకుంటుందన్నట్టు, మూడింటినీ బీరువాలో ఆవిడ బట్టల మీద పెట్టాను.

బావమరిది జేబులోంచి పెన్ను తీసిచ్చాడు. గుమస్తా ఇచ్చిన ఫారంలో యజమాని మరణించిన తేదీకి ఒక గడి ఉంది. రాశాను.

బయటికొచ్చాక, "ఆ ఉత్తరాలేం చేశావు బావా?" అని అడిగాడు.

వాడికి చెప్పలేదు. ఇక్కడ రాసిందే ఆఖరు. ఈ మాట ఇంకెప్పుడూ ఎత్తను.